పడనిదేదో ముందు చెప్పాలి

మా ఆవిడ నూకరత్నం నాలుక గురించి ముందు చెప్పాలి. లేకపోతే మిగతాదంతా మీకు అబద్ధంలా ఉంటుంది.

మేం పెళ్ళిళ్ళకి వంటలు చేస్తాం. మేం అంటే ఆవిడ చేస్తుంది. నేను గాడిపొయ్యి తవ్వుతాను, గుండిగలు దింపుతాను, భోజనాలయ్యాక అందరూ బాగుందంటే నేనే వండినట్టు నవ్వుతాను. మా గోదావరి లంకల్లో నూకరత్నం వంట అని తెలిస్తే చాలు, పెళ్ళికొడుకు ఎవరో కనుక్కోకుండానే జనం వచ్చేస్తారు. గరిటెతో అరచేతిలో ఒక్క బొట్టు వేసుకుని నాలిక్కి తగిలించిందంటే, ఉప్పు సంగతి అలా ఉంచండి, పోసిన నీళ్ళు ఏ కాలవవో, కందిపప్పు ఏ కొట్లో కొన్నారో, ఆ కొట్టువాడు తూకంలో ఎంత నొక్కేశాడో కూడా చెప్పేస్తుంది. ఒకసారి ఒక పెళ్ళిలో సాంబారు రుచి చూసి, "ఈ పెళ్ళికూతురికి ఈ సమ్మందం ఇష్టం లేదు" అంది. ఉల్లిపాయలు తరిగింది ఆ పిల్లే మరి. పెళ్ళి ఆగిపోయింది. సాంబారు మాత్రం మిగల్లేదు.

అలాంటి నాలుక మొన్న మాఘమాసం పెళ్ళిళ్ళలో, కుర్మా రుచి చూసిన కాసేపటికి వాచిపోయింది. పెదవులు పూరీల్లా పొంగాయి. ఒళ్ళంతా దద్దుర్లు. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగించాం, తగ్గింది. పదిహేను రోజులకి ఇంకో పెళ్ళిలో మళ్ళీ అదే. ఈసారి గొంతులోంచి పిల్లికూతలు వచ్చాయి. ఊపిరి అందక పాయసం గుండిగ పక్కనే కూలబడింది. మోటారు సైకిలు మీద మధ్యలో కూచోబెట్టుకుని మా ఆరెంపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఆవిడ కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఆయన సూది వేసి, ఊపిరి అందాక నన్ను పక్కకి పిలిచాడు.

"తాతబ్బాయ్, ఇది ఎలర్జీ. ఈవిడికి ఏదో పడట్లేదు. మూడోసారి వొస్తే నా దాకా తెచ్చే టైముండదు. ఎలర్జీ డాట్రు ఎక్కడున్నాడో ఎతుక్కుని ఏది పడట్లేదో తేల్చుకో. అందాకా ఏదీ రుచి సూడనియ్యకు."

రుచి చూడకుండా నూకరత్నాన్ని వండమనడం అంటే కళ్ళకి గంతలు కట్టి బస్సు తోలమనడమే. తర్వాతి పెళ్ళిలో ఆవిడ బదులు నేను రుచి చూశాను. నాకు అన్నీ బాగానే ఉంటాయి. పులిహోరలో ఉప్పు రెండుసార్లు పడినా బాగానే ఉందన్నాను. మొదటి బంతి లేచేసరికి నీళ్ళ టాంకరు ఖాళీ అయింది. రెండో బంతికి ఫైరింజన్ పిలిపించారు.

"నీది నాలిక కాదయ్యా, సెప్పు కింద తోలు" అంది మా ఆవిడ. నవ్వుతూనే అంది గానీ, ఆ రాత్రి చారన్నం ముద్ద కలుపుకుని నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. "ఇందులోనే ఉందేమో" అంది. ముద్ద కంచంలో పెట్టేసింది. జిల్లా మొత్తానికి వండి పెట్టిన మనిషి, వట్టి అన్నంలో ఉప్పూ మజ్జిగా పోసుకుని తినడం మొదలుపెట్టింది. "ఆ ఒక్కటీ ఏదో తెలిస్తే దాన్నొదిలేసి బతుకుతానయ్యా. తెలీకపోతే ప్రతి ముద్దా యముడే" అంది.

అప్పట్నించి ఎలర్జీ డాక్టరు కోసం వెతుకులాట. మా పక్క టౌనులో ఎముకలకి డాక్టరున్నాడు, పళ్ళకున్నాడు, జుట్టు రాలేవాళ్ళకి ముగ్గురున్నారు. ఎలర్జీకి లేడు. చర్మం డాక్టరు మా ఆవిణ్ణి చూసి, ఇది ముక్కుకి సంబంధించిందన్నాడు. ముక్కు డాక్టరు ఊపిరితిత్తులన్నాడు. ఊపిరితిత్తుల ఆయన కడుపన్నాడు. కడుపాయన చాలాసేపు ఆలోచించి, "మీ ఇద్దరికీ ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?" అన్నాడు. అప్పటిదాకా లేవు.

చివరికి ఎవరో చెప్పారు, జిల్లా పెద్దాసుపత్రిలో కొత్తగా ఎలర్జీ విభాగం పెట్టారని. తెల్లారేసరికి వెళ్ళాం. గేటు మీద ఇంత పొడుగు ఫ్లెక్సీ: "ఎలర్జీ రహిత ఆసుపత్రి. మన జిల్లా, మన గర్వం." మా ఆవిడ మొహం వెలిగింది.

కౌంటర్లో భానోజీరావని ఒక గుమాస్తా ఉన్నాడు.

"పడనిదేంటి?" అన్నాడు తలెత్తకుండా.

"అది తెలుసుకుందామనే వొచ్చామండి, ఆయ్."

"పడనిదేదో ముందు చెప్పాలి. కారకం పేరు లేందే చీటీ పుట్టదు."

"కారకం మాకే తెలిస్తే మీదాకా ఎందుకండీ? ఇంటికాడే మానేద్దుం కదా?"

"అది మీ ఇంటి రూలు. ఇది ఆసుపత్రి రూలు. వెనకాల జనం ఉన్నారు, తొరగా ఏదోటి చెప్పండి."

నేను "వంకాయ" అన్నాను. నాకు వంకాయ ఇష్టం లేదు. మా ఆవిడ నావంక ఒక చూపు చూసింది గానీ, అప్పటికే ముద్ర పడిపోయింది. అరగంటలో ఆసుపత్రి వంటింట్లోంచి వంకాయలన్నిటినీ స్ట్రెచరు మీద పడుకోబెట్టి గేటు బయటికి మోసుకుపోయారు. వాళ్ళ ముందు గేటు సెక్యూరిటీ అప్పలస్వామి ఈల ఊదుతూ "జరగండి, జరగండి" అంటున్నాడు. రోగుల కోసం వాళ్ళు అంత తొందరగా పరిగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు.

మమ్మల్ని సూపరింటెండెంట్ విశ్వపతి గారి గదిలోకి పంపారు. ఆయన తెల్లగా, ఇస్త్రీ చేసిన మనిషిలా ఉన్నారు. మా చీటీ పైకి చదివారు.

"కారకము, వంకాయ. సదరు వంకాయను ప్రాంగణము నుండి బహిష్కరించడమైనది. కావున రోగికి ఇకపై ఎలర్జీ కలుగుటకు అవకాశము లేదు. కేసు పరిష్కృతమైనదిగా భావించడమైనది. శుభం."

"అయ్యా, డాట్రు గారిని ఇంకా సూళ్ళేదండి" అన్నాను.

"పరిష్కారమైన కేసును డాక్టరు చూచుట నిబంధనలకు విరుద్ధము."

"మరి మా ఆవిడికి తగ్గలేదు కదండీ?"

ఆయన జాలిగా నవ్వారు. "చూడు నాయనా. ఇతర ఆసుపత్రులు రోగమును తగ్గించును. మేము రోగమునకు కారణమే లేకుండ చేయుదుము. ఏది ఉన్నతము?"

ఉన్నతం అదే అని ఒప్పుకుని బయటికొచ్చాం. వరండా చివర "ఎలర్జీ విభాగం" అని బోర్డున్న తలుపు మూసి ఉంది. లోపల ఎవరో ఒంటరిగా ఆవులించిన చప్పుడు వినిపించింది.

మేం ఊరుకోలేదు. మర్నాడు వెళ్ళి గోంగూర అని చెప్పాం. గోంగూర బయటికిపోయింది, మా కేసు పరిష్కారమైంది. ఆ తర్వాత ఎండుచేపలు చెప్పాం. ఎండుచేపలు ఎన్నడూ ఆసుపత్రిలోకి రాలేదు కాబట్టి, ముందు రెండు బుట్టలు కొనుక్కొచ్చి లోపల పెట్టి, ఆ తర్వాత రూలు ప్రకారం బయటికి పంపించారు. ఒకరోజు భానోజీరావే విసుగొచ్చి, "జీడిపప్పేమైనా రాయమంటారా?" అన్నాడు.

మా ఆవిడకి కోపం వచ్చింది. "జీడిపప్పు ఎందుకు పడదండీ? మర్యాదైన సరుకది. అది కనపడకపోతే పెళ్ళోరు ఇస్తరాకు ముందు కూకోరు."

"అంత కరీదైంది సెడు సేస్తే ఇంకేవుందండి లోకంలో?" అన్నాను నేనూ. ఆ రోజుకి చామదుంప రాయించాం.

మేమొక్కళ్ళమే కాదు. వరసలో ఉన్న ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి పడేది కాదు. ఒక ముసలాయనకి ఫినాయిలు వాసన పడదు. ఫినాయిలు డబ్బాలు గేటు దాటాయి. ఒకావిడ మంచాలు పడవంది, నల్లులట. మంచాలు పోయాయి. ఇంకొకావిడ కౌంటర్లోకి వంగి మెల్లిగా, "మా అత్తగారండి" అంది. ఆ అత్తగారి ఫోటో గేటుకి అంటించి, ఈవిడ లోపలికి రాకూడదని రాశారు. తెల్లారి చూద్దుం కదా, వరస బస్టాండు దాకా ఉంది. అందరూ కోడళ్ళే.

ఒక లావుపాటి హెడ్ కానిస్టేబులు సూదులు పడవన్నాడు. "పడవా, బయమా?" అన్నాడు భానోజీరావు. "బయం పోలీసోడికెందుకుంటాదోయ్, ఎలర్జీ!" అని గర్జించాడాయన. ఇంజక్షన్ల పెట్టెలన్నీ గేటు బయటికి వెళ్ళాయి. ఇంకొకాయన మాత్రల చేదు పడదన్నాడు. పోయాయి. ఒక బడిపంతులు మాత్రం ఫైళ్ళ దుమ్ము పడదని తుమ్ముతూ చెప్పాడు. భానోజీరావు కలం పడేసి లోపలికి పరిగెత్తాడు. సూపరింటెండెంటు గారు స్వయంగా వచ్చారు.

"ఫైళ్ళు ఆసుపత్రికి ప్రాణము. వాటిని కదుపరాదు. ఇట్టి సందర్భమున ఫిర్యాదుదారునే బహిష్కరించవలెను."

పంతుల్ని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని బయట దింపేశారు. బయట ఆయనకి తుమ్ములు తగ్గాయి. ఆ లెక్కన కేసు నిజంగానే పరిష్కారమైందని సూపరింటెండెంటు గారు చాలా సంతోషించారు.

ఇలా నెలలు గడిచాయి. నూకరత్నం మజ్జిగన్నంతో సగం మనిషయింది. మంగళసూత్రం బరువుకే మెడ వంగుతోందనిపించేది. వంటకి పిలిచినవాళ్ళని, "ఈ ఏడు కాదండి" అని పంపేసేది. పంపేశాక పొయ్యి దగ్గర కూచుని, చల్లటి గరిటె ఊరికే చేత్తో తిప్పుతూ ఉండేది. నేను హాస్యాలాడితే నవ్వేది కాదు. నా హాస్యాలకి నవ్వకపోవడం మామూలే గానీ, తిట్టకపోవడం అదే మొదలు.

ఆఖరుసారి అని వెళ్ళిన రోజున గేటు దగ్గర తోరణాలు కట్టారు. ఎదురుగా రోడ్డుకి అవతల, బయటికి పంపిన సరుకంతా కొండలా పేరుకుంది. మంచాలు, డబ్బాలు, పెట్టెలు. ఒక అట్టపెట్టె మీద నలభయ్యేళ్ళావిడ గొడుగేసుకుని కూచుంది. మా ఆవిణ్ణి చూసి లేచి నిలబడింది.

"లోపలికెళ్ళి లాభం లేదమ్మా. ఏంటి నీ ఇబ్బంది? నాకు చెప్పు."

పెద్దాసుపత్రుల ముందు ఇలాంటి బ్రోకర్లు ఎంతమందుంటారో నాకు తెలుసు. "జాగర్త రత్నం, ఈ బ్రోకర్లు మాటల్లో పెట్టి ప్రయివేటు ఆసుపత్రికి లాక్కుపోతారు" అని, మా ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను.

లోపల షామియానా, మైకు, కుర్చీలు. ఆసుపత్రి ఎలర్జీ రహితమని తేల్చడానికి రాజధాని నుంచి ధ్రువీకరణ కమిటీ వచ్చిందట. కమిటీ ఛైర్మన్ గారికి శాలువా కప్పారు. ఆసుపత్రి ఎంత శుభ్రంగా ఉందంటే, మాట్లాడితే గోడకి తగిలి మాట వెనక్కి వస్తోంది. మంచాల్లేవు, మందుల్లేవు, రోగుల్లేరు. ఎలర్జీ విభాగం తలుపుకి తాళం వేసి ఉంది.

మమ్మల్ని చూడగానే విశ్వపతి గారు మైకు పట్టుకున్నారు. "ఇదిగో, మన పథకపు అగ్రగణ్య లబ్ధిదారు! ఈ సోదరీమణి కేసులు మనము పరిష్కరించినన్ని మరెవ్వరివీ పరిష్కరించలేదు!"

చప్పట్లు. నూకరత్నాన్ని స్టేజీ మీదికి తీసుకెళ్ళి కుర్చీలో కూచోబెట్టారు. ఛైర్మన్ గారు పళ్ళెంలోంచి జీడిపప్పు బర్ఫీ తీసి నోటిదగ్గర పెట్టారు. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

"ఒద్దు బాబో. నాకేది పడదో నాకే తెల్దు. నోట్లో ఏదెట్టుకోవాలన్నా బయమండి."

"ఎలర్జీ రహిత ప్రాంగణమున భయమేల తల్లీ?" అన్నారు విశ్వపతి గారు. ఫోటోగ్రాఫరు "ఒక్కసారి ఇటు" అన్నాడు. ఛైర్మన్ గారు ఆ "ఒక్కసారి"లో బర్ఫీ నోట్లో కుక్కేశారు. అంత పెద్దమనిషి పెట్టింది ఉమ్మెయ్యడం ఎలా అని ఆవిడ మింగేసింది.

ఛైర్మన్ గారి ఉపన్యాసం సగంలో ఉండగా పెదవులు పొంగడం మొదలైంది. మెడ మీద దద్దుర్లు లేచాయి. ఆవిడ రెండు చేతులతో గొంతు పట్టుకుంది. మైకు దగ్గరే ఉండటంతో ఆ పిల్లికూత షామియానా అంతా వినిపించింది.

నేను కుర్చీలు తన్నుకుంటూ స్టేజీ ఎక్కాను. "బాబూ, డాట్రుని పిలవండి! ఊపిరాడట్లేదు!"

విశ్వపతి గారు వంగి చూశారు. "ఇది ఎలర్జీ కాజాలదు. ప్రాంగణమున కారకము లేదు కదా."

"మరి ఆ పెదవులు?" అన్నారు ఛైర్మన్ గారు.

"సన్మానము పొందిన ఆనందము కావచ్చును."

"డాట్రుని పిలవండయ్యా!" అని అరిచాను.

"ఎలర్జీ డాక్టరును నిన్ననే బహిష్కరించితిమి. ఆమె నా గదికి వచ్చి, ఈ పథకము తెలివితక్కువదని పలికినంతనే నాకు వరుసగా తుమ్ములు వచ్చినవి. కారకము ఆమెయేనని నిర్ధారణ అయినది."

"సూదైనా ఎయ్యండి!"

"సూదులు బహిష్కృతములు."

నూకరత్నం నా చొక్కా పట్టుకుంది. ఆ పట్టు నెమ్మదిగా వదులవుతోంది.

ఛైర్మన్ గారు సర్టిఫికెట్టు చేతిలో పట్టుకుని కంగారుగా అటూ ఇటూ చూశారు. "ఇది ఎలర్జీ అయినచో నేను సంతకము చేయజాలను."

విశ్వపతి గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచారు. "పరిష్కారము సులభము. ప్రస్తుతము ప్రాంగణమున ఎలర్జీ గల వస్తువు ఒక్కటే. అది ఈమె. ఈమెను బహిష్కరించినచో ప్రాంగణము తిరిగి రహితమగును. అప్పలస్వామీ!"

అప్పలస్వామి ఇంకో ముగ్గుర్ని పిలిచి, నూకరత్నాన్ని కుర్చీతో సహా ఎత్తాడు. వంకాయల్ని మోసినప్పుడు తొందర అనుకున్నాను గానీ, సర్టిఫికెట్టు కోసం పరిగెత్తితే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఆ గాలికి తోరణాలు తెగిపోయాయి, ఛైర్మన్ గారి శాలువా ఎగిరి జెండా కర్రకి చుట్టుకుంది. నేను వెనకాల పరిగెత్తి గేటు దాటేసరికే కుర్చీ రోడ్డుకి అవతల, ఆ గొడుగావిడ ముందు దిగింది.

ఆవిడ గొడుగు అవతల పారేసింది. తను కూచున్న పెట్టె చించి, సూది తీసి, చీర మీంచే తొడలో గుచ్చింది.

"పడుకోబెట్టండి. కాళ్ళు ఎత్తిపట్టుకోండి. నువ్వు ఏడవకయ్యా, ఆ కాలు పట్టుకో ముందు!"

పట్టుకున్నాను. ఎంతసేపో తెలీదు. ముందు పిల్లికూత సన్నగిల్లింది. తర్వాత రొమ్ము నిండా ఒక ఊపిరి వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది. నూకరత్నం కళ్ళు తెరిచి, "నా కాలొదులు, సిగ్గులేదూ రోడ్డు మీద" అంది.

"మీరెవరండీ?" అన్నాను ఆవిడతో.

"కరుణకుమారిని. ఎలర్జీ డాక్టర్ని. నువ్వేగా ఇందాక నన్ను బ్రోకరన్నావ్?" అని, మా ఆవిడ నాడి చూస్తూ, "అమ్మా, ఇప్పుడేం తిన్నావ్?" అంది.

"బర్పీ అండి. జీడిపప్పుది."

"మొదటిసారి వాచినప్పుడు?"

"కుర్మా రుచి సూశానండి. అందులో... జీడిపప్పు ముద్ద నూరి పోశాను."

"రెండోసారి?"

నూకరత్నం నావంక చూసింది. పాయసంలో నేతిలో వేయించి పోసిన జీడిపప్పు ఆవిడ కళ్ళ ముందు కనపడి ఉంటుంది. నాక్కూడా కనపడింది.

"ఇంత మర్యాదైన సరుకు..." అని గొణిగింది.

"మర్యాద వేరు, ఒంటికి పడటం వేరమ్మా. రేపు తేరుకున్నాక చర్మం మీద పరీక్ష చేసి ఖాయం చేద్దాం. అందాకా దాని జోలికి పోకు." డాక్టరమ్మ వాడిన సూది పక్కన పెట్టి, "ఇన్ని నెలలూ ఒక్క చీటీ వస్తుందేమోనని ఆ తలుపు వెనకాల కూచున్నాను" అంది.

లోపల్నించి మైకు వినిపించింది: "...ప్రాంగణము సంపూర్ణముగా ఎలర్జీ రహితమని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." చప్పట్లు మోగాయి.

పరీక్షలో జీడిపప్పే తేలింది. నూకరత్నం మళ్ళీ చారన్నం తింది. కంచం నాకేసింది. నేను మా పెళ్ళిళ్ళ షామియానా తెచ్చి రోడ్డు పక్కనే వేశాను. బయటికి గెంటేసిన మంచాలు వేసి, మందులు సర్దాం. వెలివేసిన నర్సులూ డాక్టర్లూ ఒక్కొక్కళ్ళే వచ్చి చేరారు. అందరికీ నూకరత్నమే వంట. ఇప్పుడు మా లంకల్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆసుపత్రిలో చేర్పించడం లేదు. ఆసుపత్రిలోంచి గెంటించుకుంటున్నారు.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం, గేటు ఊచల అవతల విశ్వపతి గారు నిలబడి ఉన్నారు. ఆయన రొమ్ములోంచి మా ఆవిడకి బాగా తెలిసిన ఆ కూత వస్తోంది. ఇస్త్రీ నలిగిపోయింది. లోపల ఆయనా, అప్పలస్వామీ, ఫైళ్ళూ తప్ప ఇంకేం లేవు. తుడిచేవాళ్ళు కూడా ఎవరికో పడక ఎప్పుడో బయటికొచ్చేశారు.

"ఇటు వొచ్చెయ్యండి బాబూ, డాట్రమ్మ ఇక్కడే ఉంది!" అని కేకేశాను.

"విధినిర్వహణలో... ప్రాంగణము విడువరాదు" అన్నారాయన, మాట మాటకీ ఆగుతూ. "బహిష్కరింపబడినచో... రావచ్చును. కానీ ఎవరైనా... ఫిర్యాదు చేయవలెను. స్వయముగా చేసుకొనుటకు... నిబంధన లేదు."

నాకు నవ్వు ఆగలేదు. మా ఆవిడ నా నెత్తి మీద ఒకటి మొట్టింది.

"నవ్వుతావేటయ్యా? ఊపిరందకపోతే ఎలాగుంటాదో నీకు తెల్దు, నాకు తెల్సు." చెయ్యి తుడుచుకుని గేటు దగ్గరికి వెళ్ళి గట్టిగా చెప్పింది. "సూపరింటెండెంటు గారు నాకు పడరండీ. రాసుకోండి. ఏలుముద్ర ఎక్కడెయ్యాలి?"

అప్పలస్వామి పరిగెత్తుకెళ్ళి కాగితం తెచ్చాడు. విశ్వపతి గారు దాన్ని ఒక ఊచ మీద ఆనించుకుని, పైనుంచి కింది దాకా చదివి, "బహిష్కరించవలెను" అని రాసి సంతకం పెట్టారు. ఉద్యోగంలో చేరాక ఆయన అంత ఇష్టంగా పెట్టిన సంతకం ఇంకోటి ఉండదు. అప్పలస్వామీ నేనూ ఆయన్ని కుర్చీలో మోసుకొచ్చి షామియానాలో దింపాం.

డాక్టరమ్మ మందు పీల్పించింది. కూత తగ్గాక స్టెతస్కోపు తీసి అడిగింది.

"ఇప్పుడు చెప్పండి సార్. మీకు పడనిదేంటంటారు?"

విశ్వపతి గారు గేటు వంక చూశారు. లోపల, తలుపులు తెరిచిన గదుల్లో, పైకప్పు దాకా ఫైళ్ళు కనిపిస్తున్నాయి. గాలి వీస్తే వాటి మీంచి దుమ్ము లేస్తోంది.

"తెలియును" అన్నారాయన మెల్లిగా. "కానీ చెప్పుటకు నాకు అధికారము లేదు."